శనివారం రాత్రి హౌస్‌లో ఎంతమంది ఉంటారు? బ్రిటిష్ బోర్డింగ్ స్కూళ్ల మీద సమీక్ష

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో పదో తరగతి అవగానే పిల్లల్ని విశాఖకో విజయవాడకో పంపి హాస్టల్లో ఉంచి చదివించడం కొత్తేమీ కాదు. అందుకే బ్రిటన్ బోర్డింగ్ స్కూలు అనగానే మనవాళ్ల మనసులో మెదిలేది ఆ హాస్టలే. అదే సరుకు, కాకపోతే ఇంకాస్త పెద్దది, ఇంకాస్త ఖరీదైనది అనుకుంటారు. ఆ లెక్కన డబ్బు కడితే నిరాశ తప్పదు. మన రెసిడెన్షియల్ కాలేజీలో హాస్టలనేది చదువుకి తోక. తిని, పడుకుని, స్టడీ అవర్లో కూర్చునే చోటు. బ్రిటన్‌లో అసలు సరుకు హౌసే, అంటే స్కూల్లో పిల్లలు కలిసి ఉండే ఇల్లు. క్లాసులో చెప్పే పాఠం అదే స్కూలుకి ఇంటి నుంచి వచ్చి వెళ్లే పిల్లలకీ దొరుకుతుంది. ఆ పిల్లల ఫీజూ బోర్డర్ల ఫీజూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తేడా అంతా సాయంత్రం నాలుగు నుంచి మర్నాడు ఉదయం ఎనిమిది దాకా, ఇంకా శని ఆదివారాల్లో జరిగేదానికి కడుతున్నదే. కాబట్టి ఆ గంటలు ఎలా గడుస్తాయో చూసి స్కూలు ఎంచుకోవాలి. పేరు తర్వాత సంగతి.

ఒక హౌస్‌లో సాధారణంగా 50 నుంచి 70 మంది ఉంటారు. హౌస్‌మాస్టరో హౌస్‌మిస్ట్రెస్సో కుటుంబంతో సహా ఆ భవనంలోనే కాపురం ఉంటారు. బట్టలు, జ్వరాలు, దిగులు చూసుకోడానికి మేట్రన్ ఉంటుంది. ప్రతి పిల్లకీ చదువు సంగతి అడిగే ట్యూటర్ ఒకరు. పేరున్న ఈటన్ స్కూల్లో 1,300 పైచిలుకు అబ్బాయిలు 25 హౌసుల్లో ఉంటారు. అక్కడ మేట్రన్‌ని డేమ్ అంటారు, 13 ఏళ్లకి చేరిన మొదటి రోజు నుంచే ఎవరి గది వాళ్లది. నెహ్రూ చదివిన హారోలో 12 హౌసులు. మిగతా చాలా స్కూళ్లలో చిన్నవాళ్లకి నాలుగైదు మంచాల గది, పై తరగతికి వెళ్లేకొద్దీ ఇద్దరికొకటి, ఆఖరి రెండేళ్లలో ఒక్కరికొకటి.

రోజు ఇలా నడుస్తుంది. ఏడింటికి లేవడం, ఏడున్నరకి టిఫిను, ఎనిమిదిన్నరకి చాపెల్ (స్కూలు చర్చిలో ప్రార్థన) గానీ అసెంబ్లీ గానీ, ఒంటిగంట దాకా క్లాసులు. మధ్యాహ్నం భోజనమయ్యాక వారంలో రెండు మూడు రోజులు ఆటలు. ఆటలంటే ఇష్టమైనవాళ్లకి మాత్రమే కాదు, అందరికీ. శీతాకాలంలో నాలుగింటికే చీకటి పడుతుంది కనుక చాలాచోట్ల ఆట ముందు, మిగిలిన క్లాసులు తర్వాత. ఆరు దాటాక రాత్రి భోజనం. ఏడు నుంచి సుమారు తొమ్మిది దాకా ప్రెప్, అంటే మన స్టడీ అవరే. అయితే తేడా పెద్దది. మన దగ్గర స్టడీ అవర్లో లెక్చరర్ పక్కనే నిలబడి చేయిస్తాడు. అక్కడ పిల్ల తన గదిలో తనే కూర్చుని ఏ పని ఎప్పుడు చెయ్యాలో తేల్చుకోవాలి. తోసేవాళ్లుంటేనే చదివే పిల్లలు మొదటి టర్ములో వెనకబడేది ఇక్కడే. పాఠం అర్థం కాక కాదు. మూడు వారాల తర్వాత ఇవ్వాల్సిన వ్యాసాన్ని ఈ రోజే మొదలుపెట్టే అలవాటు లేక.

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. శనివారం రాత్రి హౌస్‌లో ఎంతమంది పడుకుంటారు? బోర్డింగ్‌లో మూడు రకాలున్నాయి. ఫుల్ బోర్డింగ్‌లో టర్ము పొడుగునా పిల్లలు స్కూల్లోనే ఉంటారు. వీక్లీ బోర్డింగ్‌లో శుక్రవారం సాయంత్రమో శనివారం మధ్యాహ్నమో ఇంటికెళ్లి ఆదివారం రాత్రికి వస్తారు. ఫ్లెక్సీలో వారానికి రెండు మూడు రాత్రులే ఉంటారు. బ్రోషర్లో మూడింటినీ కలిపి "మా దగ్గర ఇంతమంది బోర్డర్లు" అని ఒకే అంకె వేస్తారు. 60 మంది హౌస్‌లో 45 మంది ఆ జిల్లా వాళ్లే అయి వారం వారం ఇంటికెళ్తుంటే, మీ అమ్మాయి శనివారం సాయంత్రం ఖాళీ కారిడార్‌లో పద్నాలుగు మంది విదేశీ పిల్లలతో మిగులుతుంది. సోమవారం అందరూ తిరిగొచ్చి ఊళ్లో కలిసి ఏం చేశారో చెప్పుకుంటుంటే వింటూ కూర్చుంటుంది. ఏ స్కూలూ దీన్ని తనంతట తను చెప్పదు, అడిగితే మాత్రం సరిగ్గానే చెబుతారు. ఇయర్ల (తరగతుల) వారీగా అంకె అడగండి. శనివారం క్లాసులున్నాయా అనీ అడగండి. శనివారం ఉదయం పాఠాలు, మధ్యాహ్నం మ్యాచులు ఉన్న స్కూలు వారాంతంలో ఖాళీ అవ్వదు. మన దూరం నుంచి పంపేవాళ్లకి అలాంటి స్కూలే పనికొస్తుంది.

సెలవులూ గార్డియనూ

ఏడాదికి మూడు టర్ములు. సెప్టెంబరు నుంచి డిసెంబరు, జనవరి నుంచి మార్చి ఆఖరు, ఏప్రిల్ నుంచి జూన్ ఆఖరో జూలై మొదలో. ప్రతి టర్ము మధ్యలో హాఫ్ టర్ము సెలవు. అక్టోబరులో వచ్చేది చాలాచోట్ల రెండు వారాలు ఉంటుంది, మిగతావి వారం. ఇవి కాక కొన్ని వారాంతాల్లో ఎగ్జియట్ పేరుతో హౌసు మూసేస్తారు. అందరూ బయటికి వెళ్లి తీరాలి. లెక్క వేస్తే ఏడాదిలో స్కూలు నడిచేది సుమారు 34, 35 వారాలు. మిగతా రోజులకి పిల్ల ఎక్కడ ఉంటుందో మీరే ఏర్పాటు చేసుకోవాలి. ఎగ్జియట్‌కి రెండు రాత్రుల కోసం బరంపురం రాలేదు కదా.

అందుకే విదేశీ పిల్లలకి బ్రిటన్‌లో ఉండే గార్డియన్ కావాలని స్కూళ్లు పట్టుబడతాయి. ఎగ్జియట్‌లో, హాఫ్ టర్ములో ఇంట్లో ఉంచుకోవడం, ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లడం, అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి ఫోనొస్తే వెళ్లడం, సస్పెండ్ చేస్తే ఆ రోజే తీసుకుపోవడం, అన్నీ వాళ్ల పనే. మనవాళ్లు చేసే మొదటి పొరపాటు బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదివే బంధువు కుర్రాడి పేరు రాసెయ్యడం. 25 ఏళ్లు దాటాలనీ, విద్యార్థి కాకూడదనీ, స్కూలుకి ఇన్ని గంటల దూరంలోపే ఉండాలనీ చాలా స్కూళ్లకి నియమాలున్నాయి. ఇంకో చిక్కు ఉంది. 16 ఏళ్లలోపు పిల్ల దగ్గరి బంధువు కాని ఇంట్లో వరసగా 28 రోజులో అంతకన్నా ఎక్కువో ఉంటే దాన్ని ప్రైవేట్ ఫాస్టరింగ్ అంటారు, ముందుగానే అక్కడి కౌన్సిల్‌కి చెప్పాలి. తాత, అమ్మమ్మ, నానమ్మ, అక్క, అన్న, మేనమామ, మేనత్త, పిన్ని, బాబాయి, పెద్దమ్మ, పెదనాన్న, సవతి తల్లిదండ్రుల వరకే ఆ చట్టానికి దగ్గరివాళ్లు. మనకి సొంత అన్నలాంటి పెదనాన్న కొడుకు దాని దృష్టిలో పరాయివాడే. వేసవి సెలవంతా అక్కడే ఉంచుదామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

బంధువులు దగ్గర్లో లేకపోతే గార్డియన్ సంస్థలున్నాయి. ఈజిస్ గుర్తింపు ఉన్నదాన్ని ఎంచుకోండి. పిల్లల్ని పెట్టే ఇళ్లను తనిఖీ చేస్తున్నారో లేదో ఆ గుర్తింపు ఇచ్చేవాళ్లు చూస్తారు. ప్రతిసారీ అదే ఇంటికి పంపుతారా అని కాగితం మీద రాయించుకోండి. సెలవుకో కొత్త ఇల్లయితే పిల్ల సెలవు కోసం ఎదురుచూడదు, భయపడుతుంది.

తల్లిదండ్రుల్లో ఒకరం వెళ్లి పక్కనే ఇల్లు తీసుకుందాం అనే ఆలోచన కుదరదు. ఆ వీసా డే స్కూల్లో చదివే 4 నుంచి 11 ఏళ్ల పిల్లల తల్లిదండ్రులకే. బోర్డింగ్ పిల్లల కోసం వెళ్తే మామూలు విజిటర్ వీసాయే.

తిండి, పూజ, జ్వరం

తిండి మీద బెంగ అక్కర్లేదు, కానీ ఫారం సరిగ్గా నింపాలి. అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు తినేవాళ్లని అర్థం. వీగన్ అని రాస్తే పాలు, పెరుగు కూడా ఆపేస్తారు. కాబట్టి "మాంసం, చేప, గుడ్డు, జెలటిన్ వద్దు, పాలు పెరుగు కావాలి" అని ఒక్కొక్కటీ విడిగా రాయండి. జెలటిన్ సంగతి చాలామందికి తెలియదు. జెల్లీల్లో, మార్ష్‌మెలోల్లో, నమిలే స్వీట్లలో అది ఉంటుంది. మధ్యాహ్నం భోజనానికి రెండు మూడు వేడి పదార్థాలు, సలాడ్లు, కాల్చిన బంగాళాదుంప దొరుకుతాయి. కడుపు నిండుతుంది, నాలుక నిండదు. ఆ లోటు తీర్చేది హౌస్‌లోని చిన్న వంటగది. కెటిల్, టోస్టర్, మైక్రోవేవ్ ఉంటాయి. బరంపురం అప్పడం మైక్రోవేవ్‌లో ముప్పావు నిమిషం నుంచి నిమిషంలో నూనె లేకుండా పొంగుతుంది. ఆవకాయ, మాగాయ, కందిపొడి పెట్టెలో వెళ్తాయి. అయితే మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు బ్రిటన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. నెయ్యి, కోవా, ఛెనాపోడ కస్టమ్స్‌లో చెత్తబుట్టకే. పచ్చి కరివేపాకు కూడా వద్దు, సర్టిఫికెట్ లేకుండా పచ్చి ఆకులు రానివ్వరు. ఎండబెట్టి పొడి చేసి పంపండి. పలాస జీడిపప్పు, పల్లీ చిక్కీ, నువ్వుండలు పంపేముందు హౌస్‌ని అడగండి. పల్లీలు, జీడిపప్పు, నువ్వులు అక్కడి చట్టం పేర్కొన్న 14 ఎలర్జీ పదార్థాల్లో ఉన్నాయి. పక్క మంచం పిల్లకి ప్రాణాపాయం కావచ్చు కనుక చాలా హౌసులు గింజల్ని అసలు రానివ్వవు.

రైస్ కుక్కర్ పంపకండి. గదుల్లో వంట సామాను నిషేధం. సొంత ఎలక్ట్రికల్ వస్తువులన్నీ తనిఖీ చేసి చీటీ అంటించాకే వాడనిస్తారు. మన ప్లగ్గు అక్కడ పట్టదు, ఫ్యూజున్న మూడు పలకల పిన్ను ఎడాప్టర్ రెండు కొనుక్కెళ్లండి. దీపం, అగరబత్తి కుదరవు. పొగ తగలగానే అలారం మోగి హౌసంతా చలిలో బయట నిలబడాలి. చిన్న పటం, బ్యాటరీ దీపం పెట్టుకోవచ్చు, ఎవరూ అభ్యంతరం చెప్పరు. చాపెల్‌కి వెళ్లడం చాలా స్కూళ్లలో తప్పనిసరే. అది మతం మార్చడానికి కాదు, అసెంబ్లీ లాంటిదే. మనసొప్పని కుటుంబాలు చేరకముందే మాట్లాడుకోవాలి.

మందుల దగ్గర ఈ ప్రాంతం వాళ్లకి ప్రత్యేకమైన మాట ఒకటి చెప్పాలి. రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో మలేరియా ఉంది. సెలవులకి ఇంటికొచ్చి వెళ్లిన పిల్లకి ఆ తర్వాత వారాల్లో జ్వరమొస్తే, ఇంగ్లండులో నర్సుకి ముందు తట్టేది ఫ్లూ. "మలేరియా ఉన్న ప్రాంతం నుంచి వచ్చాను, రక్తపరీక్ష చెయ్యండి" అని పిల్లే అడగాలి. ఆరోగ్య ఫారంలో కూడా ఆ ముక్క ముందే రాసి ఉంచండి. కుటుంబంలో సికిల్ సెల్ ఉంటే అదీ రాయాలి. చలిలో గంటన్నర రగ్బీ ఆడించేవాళ్లకి ఆ సంగతి తెలిసి తీరాలి. ఇంటి నుంచి తెచ్చిన ఏ మాత్రైనా, డోలో అయినా సరే, మేట్రన్‌కి అప్పగించాలి. ఇంగ్లీషు లేబులు లేని ఆయుర్వేదం పొట్లాలు పక్కన పెట్టేస్తారు. వైద్యం ఎన్‌హెచ్‌ఎస్ అనే అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థలోనే. దానికి వీసాతోపాటు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున సర్‌చార్జి ముందే కట్టేస్తారు.

చదువు

ముందు ఇయర్ల లెక్క. వాళ్ల 9వ ఇయర్ మన ఎనిమిదో తరగతి, 11వ ఇయర్ మన పదో తరగతి, 12, 13 ఇయర్లు మన ఇంటర్. సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 మధ్య పుట్టినవాళ్లంతా ఒక ఇయర్. ఇక్కడ మన ఊళ్లలో ఒక పాత అలవాటు దెబ్బ తీస్తుంది. బడిలో తొందరగా చేర్చడానికి పుట్టినతేదీ ముందుకి జరిపి రాయించిన పిల్లలు, పాస్‌పోర్టులో కూడా అదే తేదీ ఉంటే, తమకన్నా పెద్దవాళ్ల మధ్య పడతారు. ఆటల్లో, ఎత్తులో, అన్నిటా అది కనిపిస్తుంది.

చేరడానికి మంచి సమయాలు మూడే. 9వ ఇయర్, 10వ ఇయర్, 12వ ఇయర్. 11వ ఇయర్‌లో చేర్చవద్దు. జీసీఎస్‌ఈ (మన పదో తరగతి పరీక్ష లాంటిది) 10, 11 ఇయర్లు కలిపి రెండేళ్ల కోర్సు, సగంలో దూరితే ఎవరో చదివిన నవలలు, ఎవరో చేసిన ప్రయోగాల మీద పరీక్ష రాయాలి. ఈటన్‌లాంటి చోట 13 ఏళ్లకి చేరాలంటే పేరు నమోదు 5వ ఇయర్‌లోనే అయిపోవాలి, కంప్యూటర్ మీద రాసే ప్రీ టెస్టు 6వ ఇయర్‌లో ఉంటుంది. అంటే మన నాలుగు, ఐదో తరగతి పిల్లల మాట. మన వైపు నుంచి ఎక్కువమందికి కుదిరేది 12వ ఇయర్. దాని పరీక్షలు చాలాచోట్ల చేరే ముందు ఏడాది నవంబరులో ఉంటాయి. "పదో తరగతి రిజల్టు రానీ, చూద్దాం" అని మే దాకా ఆగితే మంచి స్కూళ్లలో సీటుండదు. పదో తరగతి మొదలైన జూన్ నాటికే మూడు నాలుగు స్కూళ్లకి రాసి ఉండాలి. విదేశీ పిల్లలకి యూకేఐసెట్ అనే పరీక్ష చాలా స్కూళ్లు అడుగుతాయి. రీజనింగ్, ఇంగ్లీషు, చిన్న వ్యాసం. మన పిల్లలు రీజనింగ్ దంచేస్తారు, వ్యాసం దగ్గర మార్కులు పోతాయి. రోజుకో పేజీ సొంతంగా రాయించడమే దానికి మందు.

12, 13 ఇయర్లలో చదివే ఎ లెవెల్స్‌లో మూడు సబ్జెక్టులే. ఎంపీసీ పిల్లలు మాథ్స్, ఫిజిక్స్‌తోపాటు ఫర్దర్ మాథ్స్ (ఇంకా పై స్థాయి లెక్కలు) తీసుకోవడం మంచిది. కెమిస్ట్రీ కలిపితే నాలుగవుతాయి, గట్టి పిల్లలే మొయ్యగలరు. ఈ భాగానికి మా దగ్గర నిండు మార్కులు. క్లాసులో పదీ పన్నెండు మంది. ప్రతి సైన్సులో కనీసం 12 ప్రయోగాలు పిల్ల తన చేత్తో చేసి రికార్డు చూపాలి. రికార్డు పుస్తకం సీనియర్ దగ్గర కాపీ కొట్టే పద్ధతి నడవదు. టీచరు సాయంత్రం హౌస్‌లో కూడా దొరుకుతాడు. మన పిల్లలు ఎంచుకోవడం నేర్చుకున్నారు గానీ వివరించడం నేర్చుకోలేదు. నాలుగు ఆప్షన్లు లేని ప్రశ్న ముందు మొదటి రెండు నెలలు తడబడతారు. ఆ తర్వాత లెక్కల్లో ముందుకొస్తారు. అక్టోబరు హాఫ్ టర్ములో వచ్చిన గ్రేడు చూసి ఇంట్లో గొడవ పెట్టవద్దు.

తెలుగుకి గానీ ఒడియాకి గానీ జీసీఎస్‌ఈ పరీక్ష లేదు. హిందీ కేంబ్రిడ్జి ఐజీసీఎస్‌ఈలో ఉంది, స్కూలు ఒప్పుకుంటే రాయొచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు అలవాటైన మన సరిహద్దు పిల్లలకి కొత్త భాష భయం ఉండదు. ఫ్రెంచికి, స్పానిష్‌కి త్వరగా అలవాటు పడతారు. తెలుగు చదవడం రాయడం నిలబెట్టుకోవాలంటే ఆ పని ఇంటిదే. వారానికో ఉత్తరం తెలుగులో రాయించండి.

రెండు అపోహలు ఇక్కడే తీసెయ్యాలి. అక్కడ బోర్డింగ్‌లో చదివితే యూనివర్సిటీలో బ్రిటిష్ పిల్లల ఫీజు పడుతుందని ఏజెంట్లు చెబుతుంటారు. పడదు. చదువు కోసమే అక్కడ ఉన్న కాలం ఆ లెక్కలోకి రాదు, మీవాడు ఓవర్సీస్ విద్యార్థే. రెండోది, తిరిగొచ్చి నీట్ రాయిద్దామనే ఆలోచన. ఎ లెవెల్స్ మన ఇంటర్‌తో సమానమని ఏఐయూ (భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం) నుంచి కాగితం తెచ్చుకోవాలి. నీట్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతోపాటు ఇంగ్లీషు కూడా కావాలి, ఎ లెవెల్‌లో మూడు సైన్సులు తీసుకున్న పిల్లకి ఇంగ్లీషు జీసీఎస్‌ఈతోనే ఆగిపోతుంది. నీట్, జేఈఈ మనసులో ఉంటే ఇక్కడే ఉంచడం నయం. ఆ పరీక్షల సిలబసు వేరు, వేగం వేరు.

డబ్బు

2025 జనవరి 1 నుంచి ప్రైవేటు స్కూళ్ల ఫీజు మీద 20 శాతం వ్యాట్ పడింది. బోర్డింగ్ మీద కూడా. వెబ్‌సైట్‌లో కనపడే అంకెలో వ్యాట్ కలిసి ఉందా లేదా అని అడగండి. ఈటన్ ఫీజు వ్యాట్‌తో కలిపి ఏడాదికి 60 వేల పౌండ్లు దాటింది. ఒక మాదిరి లెక్క వేద్దాం. ఫీజు 45,000 పౌండ్లనుకోండి, వ్యాట్ 9,000, మొత్తం 54,000. పౌండు 115 రూపాయలనుకుంటే 62 లక్షల పైమాటే. పియానో, అదనపు ఇంగ్లీషు, పరీక్ష ఫీజులు, విహారయాత్రలు, టాక్సీలు, గార్డియన్, మూడుసార్లు రానూపోనూ టికెట్లు, ఇవన్నీ విడి. ఫీజు మీద ఇంకో 15 శాతం పక్కన పెట్టుకోమని మా సలహా. చేరేముందు కట్టే డిపాజిట్ విదేశీ పిల్లలకి చాలాచోట్ల ఒక టర్ము ఫీజంత ఉంటుంది. అది ఆఖరి బిల్లులో సర్దుతారు. అయితే స్కూలు మూతపడితే ఆ డబ్బు అప్పులవాళ్ల వరసలో చివర నిలబడాలి. వ్యాట్ వచ్చాక చిన్న స్కూళ్లు కొన్ని మూతపడ్డాయి, కొన్ని కలిసిపోయాయి. చాలా స్కూళ్లు చారిటీలే కాబట్టి ఇంగ్లండు, వేల్స్‌లో వాటి జమాఖర్చులు చారిటీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. వరసగా మూడేళ్లు నష్టం, తగ్గుతున్న పిల్లల సంఖ్య కనిపిస్తే ఆ స్కూలు వదిలెయ్యండి.

యూనిఫాం విషయంలో మాత్రం డబ్బు మిగుల్చుకోవచ్చు. స్కూల్లోనే పాత యూనిఫాం అమ్మే దుకాణం ఉంటుంది. ఏడాదిలో పొట్టయిపోయే బ్లేజరు కొత్తది కొనడం దండగ. చలికోటు ఇక్కడ కొనకండి, మన సముద్రపు గాలికి పనికొచ్చే స్వెట్టరు అక్కడి జనవరి వానకి చాలదు. ప్రతి గుడ్డకీ, మేజోడుకి కూడా, పేరు పట్టీ కుట్టాలి. వంద పట్టీలు చేయించండి. ఇంటిపేరు పొడుగ్గా ఉంటే మొదటి అక్షరం, పిల్ల పేరు, లాండ్రీ నంబరు చాలు.

బ్యాంకు నుంచి పంపేటప్పుడు ఆర్‌బీఐ పథకం కింద ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి. పది లక్షల రూపాయలు దాటిన భాగం మీద టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటారు, విద్యారుణం తీసుకుని పంపితే పట్టరు. పట్టుకున్నది ఇన్‌కంటాక్స్ రిటర్నులో సర్దుబాటవుతుంది.

వీసా కాగితాలు

4 నుంచి 17 ఏళ్ల పిల్లలకి చైల్డ్ స్టూడెంట్ వీసా. సీటు ఖాయమని స్కూలు ఇచ్చే సీఏఎస్ నంబరు, తల్లిదండ్రుల అనుమతి ఉత్తరం, బర్త్ సర్టిఫికెట్, టీబీ పరీక్ష, డబ్బు రుజువు కావాలి. కోర్సు మొదలయ్యే తేదీకి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు. ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు. వీసాలు ఆగిపోయేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి డబ్బు. ఒక ఏడాది ఫీజు, బోర్డింగ్ ఖర్చులో కట్టగా మిగిలింది ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి, ఆ 28వ రోజు అప్లై చేసే తేదీకి 31 రోజులలోపు పడాలి. పొలం అమ్మిన డబ్బు 20 రోజుల కిందట పడితే చెల్లదు. మధ్యలో ఒక్కరోజు నిల్వ తగ్గినా చెల్లదు. రెండోది పేర్లు. బర్త్ సర్టిఫికెట్ ఒడియాలోనే ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచెయ్యాలి. ఒడియా రాతలో పడి మారిన తండ్రి పేరు, మార్కుల జాబితాలో ఇనీషియల్‌గా మిగిలిపోయిన ఇంటిపేరు, పాస్‌పోర్టులో పూర్తిగా ఉన్న ఇంటిపేరు, ఈ మూడూ కలవకపోతే ఇది ఈ పిల్లదేనా అన్న అనుమానం మొదలవుతుంది. పాస్‌పోర్టుకి ముందే బర్త్ సర్టిఫికెట్ దిద్దించుకోండి. టీబీ పరీక్ష గుర్తింపు ఉన్న క్లినిక్‌లోనే చేయించాలి, హైదరాబాద్‌లో ఉన్నాయి. ఆ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది.

ప్రయాణానికి బరంపురం నుంచి భువనేశ్వర్, రాయగడ వైపు నుంచి విశాఖ దగ్గర. హైదరాబాద్ నుంచి లండన్‌కి బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా వెళ్తుంది, అయితే 14 ఏళ్లలోపు పిల్లల్ని ఆ సంస్థ ఒంటరిగా ఎక్కించుకోదు. టర్ము ఆఖరి రోజుకన్నా ముందు తేదీకి టికెట్ కొనకండి. చవగ్గా వచ్చిందని రెండు రోజులు ముందుకి జరిపితే స్కూలు సెలవివ్వదు, వీసా పిల్లల హాజరు విషయంలో వాళ్లు హోం ఆఫీస్‌కి (వీసాలు చూసే ప్రభుత్వ శాఖకి) జవాబుదారీ.

భద్రత

ఇక్కడ మెత్తగా మాట్లాడకూడదు. ఇంగ్లండు, వేల్స్ రెసిడెన్షియల్ స్కూళ్లలో పిల్లల మీద జరిగిన లైంగిక అఘాయిత్యాల గురించి అక్కడి ప్రభుత్వ విచారణ సంఘం 2022 మార్చిలో నివేదిక ఇచ్చింది. పేరున్న స్కూళ్లలో కూడా పిల్లల మాట తొక్కిపెట్టారని అందులో ఉంది. ఇప్పుడు నియమాలు గట్టివి. ప్రతి స్కూల్లో పిల్లల రక్షణకి బాధ్యుడైన అధికారి ఉండాలి, స్కూలుకి సంబంధం లేని పెద్దమనిషి ఒకరి నంబరు పిల్లలకి ఇవ్వాలి, కొట్టడం చట్టవిరుద్ధం. ఇంగ్లండులో బోర్డింగ్ స్కూళ్లకి కనీస ప్రమాణాలు రాసి పెట్టారు. పెద్ద ప్రైవేటు స్కూళ్లలో అవి అమలవుతున్నాయో లేదో ఐఎస్‌ఐ అనే అక్కడి స్కూళ్ల తనిఖీ సంస్థ చూసి రిపోర్టు అందరికీ కనపడేలా పెడుతుంది. 2023 సెప్టెంబరు నుంచి "ఎక్సలెంట్" లాంటి మాటలు తీసేశారు, ప్రమాణం అందుకుందా లేదా అన్నదే చెబుతారు. కాబట్టి పాత రిపోర్టులోని గొప్ప మాట చూపించే ఏజెంటుని నమ్మకండి, అతనికి కమిషన్ ఇచ్చేది చాలాసార్లు స్కూలే. కొత్త రిపోర్టులో బోర్డింగ్, సేఫ్‌గార్డింగ్ (పిల్లల రక్షణ) పేరాలు మీరే చదవండి. పిల్లలు సాయం కోసం ఫోన్ చేసే చైల్డ్‌లైన్ నంబరు 0800 1111 పిల్ల చేత కంఠస్థం చేయించండి. అది ఉచితం.

ఫోను వేళలు ముందే కుదుర్చుకోండి. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా మనం నాలుగున్నర గంటలు ముందు, మిగతా కాలం అయిదున్నర. ప్రెప్ అయ్యాక చేస్తే ఇక్కడ రాత్రి ఒంటిగంటన్నరో రెండున్నరో అవుతుంది. చిన్నవాళ్ల ఫోన్లు రాత్రిళ్లు హౌస్‌లో తీసి పెట్టేస్తారు. ఉదయం టిఫినుకి ముందు మాట్లాడితే ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట ప్రాంతం, అదే అందరికీ వీలు. సంక్రాంతి ఎప్పుడూ టర్ములోనే పడుతుంది. ఆ రోజు దిగులు గట్టిగా ఉంటుంది, మేట్రన్‌కి ముందురోజే ఒక మాట రాసి పెట్టండి.

ఎవరికి వద్దు అంటే, పదకొండేళ్లలోపు పిల్లలకి వద్దే వద్దు. ఎంత మంచి హౌసైనా ఆ వయసులో అమ్మకి బదులు కాదు. అప్పు చేసి పంపడం కూడా వద్దు. ఫీజు కట్టలేమని తేలిన కుటుంబానికి, పిల్ల నిజంగా చురుకైనదైతే, వేల్స్‌లో 1962 నుంచి నడుస్తున్న యూడబ్ల్యూసీ అట్లాంటిక్ అనే బోర్డింగ్ కాలేజీ ఉంది. 16 ఏళ్ల తర్వాత రెండేళ్ల ఐబీ (ఎ లెవెల్స్‌కి బదులుగా చదివే అంతర్జాతీయ కోర్సు), ఎంపిక భారత జాతీయ కమిటీ ద్వారా, అవసరాన్ని బట్టి స్కాలర్‌షిప్పు. మిగతా స్కూళ్ల పెద్ద బర్సరీలు (ఫీజు రాయితీలు) ఎక్కువగా బ్రిటన్‌లో ఉండే పిల్లలకే. అదే పేరు, అదే పద్ధతి కొంత తక్కువ దూరంలో చాలనుకునేవాళ్లు 2023లో తెరిచిన హారో బెంగళూరునీ, వెల్లింగ్టన్ పుణేనీ చూసి రావచ్చు.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు చివరి పేజీల్లో నోటీసు గడువు వెతకండి. దాదాపు అన్నిచోట్లా పూర్తి ఒక టర్ము ముందు రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే తర్వాతి టర్ము ఫీజు కట్టాలి. అంటే వేసవి టర్ముకి పంపకూడదనుకుంటే జనవరి టర్ము మొదటి రోజుకి ముందే ఉత్తరం చేరాలి. పిల్ల ఇక వెళ్లలేనని చెప్పేది మామూలుగా క్రిస్మస్ సెలవులకి వచ్చినప్పుడే. స్కూలు తెరిచేది జనవరి మొదటి వారంలో. ఆ మధ్యలో మీకుండేది మూడు వారాలు. ఇంటికొచ్చిన మొదటి నాలుగు రోజుల్లోనే, బంధువుల హడావుడి మొదలవకముందే, పిల్లని కూర్చోబెట్టి అడగండి.